ఐదున్నర నుంచి ఆరున్నర దాకా

మా అపార్ట్‌మెంటు గేటు దగ్గరికి మా ఫ్లాటు కోసం ఎవరైనా వస్తే నా ఫోను మోగుతుంది. మామూలు మోత కాదు, ఆ యాప్‌కి వేరే మోత ఉంది. తెర మీద వచ్చినవాళ్ళ ఫోటో కనబడుతుంది, దాని కింద రెండు బటన్లు. పచ్చది నొక్కితే లోపలికి పంపుతారు, ఎర్రది నొక్కితే వెనక్కి పంపుతారు. హైటెక్ సిటీలో మా ఆఫీసు క్యాంటీన్‌లో పక్క బల్ల మీద ఎవరి ఫోనైనా అలా మోగితే ఇప్పటికీ నా కుడిచేతి బొటనవేలు దానంతటదే అరచేతిలోకి ముడుచుకుంటుంది. చెంచా పక్కన పెట్టేస్తాను. ఏమైందని అడిగితే కారం ఎక్కువైందంటాను.

ఆ వేలు చేసిన పని గురించే ఇది రాస్తున్నాను.

మా చెల్లెలు కనో నడుపుతుంది. కనో అంటే సన్నగా, పొడుగ్గా ఉండే పోటీ పడవ. అందులో కూర్చోరు. ఒక మోకాలు పడవలో ఆనించి, రెండో కాలు ముందుకు పెట్టి, ఒకే పక్క తెడ్డు వేస్తూ పోవాలి. తనకి పదకొండేళ్ళప్పుడు, తనుండే సర్కారు హాస్టల్‌కి ఎవరో కోచ్ వచ్చి పిల్లల చేతుల పొడవు టేపుతో కొలిచి, మా చెల్లెల్ని నీళ్ళ దగ్గరికి తీసుకుపోయాడు. అప్పటినుంచి తన ఎడమ మోకాలు ఆనీ ఆనీ దాని మీద తోలు నల్లగా, చెప్పు అడుగులా మొద్దుబారింది. అమ్మ ఫోన్లో కొబ్బరినూనె రాసుకోమని పోరుతుండేది. "అది మెత్తబడితే నేను పడవల నుంచి పడ్తనమ్మా" అనేది తను.

జాతీయ స్థాయికి వచ్చాక తన పేరు ఒక జాబితాలోకి ఎక్కింది. ఆ జాబితాలో ఉన్నవాళ్ళు ప్రతి మూడు నెలలకీ తమ ఆచూకీ ముందే రాసివ్వాలి. ఎక్కడ పడుకుంటారు, ఎక్కడ సాధన చేస్తారు, రోజూ ఏ ఒక్క గంట ఎక్కడ ఖాయంగా దొరుకుతారు, అన్నీ. డోపింగ్ పరీక్షలవాళ్ళు చెప్పకుండా వస్తారు. ఆ గంటలో ఆ చిరునామాలో దొరక్కపోతే ఒక తప్పు. రాసిచ్చింది తప్పయినా ఒక తప్పే. ఏడాదిలో మూడు తప్పులు పడితే నిషేధం. మందు తిన్నావా లేదా అన్న ప్రశ్నే ఉండదు.

మా చెల్లెలు పెట్టుకున్న గంట పొద్దున ఐదున్నర నుంచి ఆరున్నర. లేచి, మొహం కడుక్కుని, బాత్రూముకి మాత్రం వెళ్ళకుండా హాల్లో ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చునేది. వాళ్ళొస్తే మూత్రం ఇవ్వాలి కదా, ముందే పోతే మళ్ళీ రెండు గంటలు పడుతుంది. ఆరున్నర దాటగానే బాత్రూముకి పరుగు, తర్వాత సంచీ భుజానేసుకుని సాగర్‌లో పడవ సాధనకి. నేను ఆటపట్టించేదాన్ని. "ఏందే, పెండ్లిచూపులకు కూసున్నట్టు కూసుంటవు రోజూ."

జాగ్రత్తలో తనకి సాటి లేదు. ఒకసారి తనకి దగ్గు పట్టుకుంటే నిజాంపేట మెడికల్ షాపు నుంచి సిరప్ తెచ్చాను. జ్వరంతో మూలుగుతూనే సీసా తిప్పి, మీద ఉన్న సన్నక్షరాలు ఫోనులో కొట్టి చూసుకుని, మూత తీయకుండా నాకు తిరిగిచ్చేసింది. మిరియాల కషాయం కాచుకుని తాగింది. నాకు ఒళ్ళు మండింది.

"నేనేమన్న విషం తెచ్చిన్నా?" అన్నాను.

"విషమైతే మా అక్క తెచ్చిందని చెప్పుకోవచ్చు" అంది తను, దగ్గుతూ. "గిది రేపు నా ఒంట్ల దొరికితే ఎవరు తెచ్చిన్రని అడగరక్కా. నా ఒంట్ల ఉన్నదంటే నాదే. గంతే రూలు."

ఇదేం రూలు, దొంగని వదిలేసి ఇల్లుగలవాణ్ణి కొట్టినట్టుందని అప్పట్లో నవ్వాను.

మొదటి తప్పు తనదే. మేం అప్పుడు మూసాపేటలో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం. నిజాంపేట హాస్టల్లో ఉన్న స్నేహితురాలికి ఒంట్లో బాగాలేదని వెళ్ళి అక్కడే పడుకుంది, మార్పు రాయడం మర్చిపోయింది. తెల్లారి వాళ్ళొచ్చి తలుపు కొడితే తెరిచింది నేను. ఆ రోజు చెల్లెల్ని తిట్టిన తిట్లు మా ఇంటి ఓనరు ఆంటీ పైనుంచి విని, పిల్లని చంపుతావా ఏందమ్మా అని కిందకి వచ్చింది. ఆ తర్వాత నేనే ప్రకటించేశాను, ఇక నీ ఆచూకీ వివరాలన్నీ నేను నింపుతానని. ఆఫీసులో వందమంది పనికి లెక్క చూస్తాను, నీ ఒక్కదాని గంట చూడలేనా అన్నాను. ఇంకొకరి చేత నింపించుకోవచ్చు, కానీ తప్పొస్తే ఆటగాళ్ళదే బాధ్యత అని తను ఆ రూలు కూడా చదివి వినిపించింది. అయినా పాస్‌వర్డ్ ఇచ్చింది.

రెండో తప్పు నాది. ప్రగతినగర్‌లో గేటు, కెమెరాలు, లిఫ్టు ఉన్న అపార్ట్‌మెంటులోకి మారాం. మారాలని పట్టుబట్టింది నేనే. మూసాపేట మెట్లమీదికి ఎవడుపడితే వాడు ఎక్కొస్తున్నాడని నాకు చిరాకు. ఆ సామాన్ల సర్దుడులో నాలుగు రోజులు పాత చిరునామానే ఉండిపోయింది. వాళ్ళు మూసాపేట పోయారు, ఆంటీ ఖాళీ చేసిపోయారని చెప్పింది. చెల్లెలు నన్నొక్క మాట అనలేదు. నేనే అన్నాను, ఇల్లు మారుతున్నప్పుడు నువ్వైనా గుర్తు చేయొద్దా అని. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా పని, కానీ పడ్డానని ఒప్పుకునే బల్లిని కాదు నేను.

ఇల్లు మారిన నాలుగు నెలలకి భారత జట్టు ఎంపిక పోటీలు ఐదు వారాల దూరంలోకి వచ్చాయి. తనకి ఇరవై ఐదేళ్ళు. ఆ ఏడు తన వేగం అందరికన్నా ముందుంది, కోచ్ కూడా ఈసారి నీదేనన్నాడు. మూడో తప్పు పడకుండా ఆ ఐదు వారాలు గడిస్తే చాలు, మొదటి తప్పుకి ఏడాది నిండిపోతుంది.

గేటు దగ్గర పొద్దుటి డ్యూటీలో ఒక పెద్దాయన ఉండేవాడు. పాలమూరు వైపు మనిషి. నన్ను చూస్తే లేచి నిలబడి సలాం పెట్టేవాడు, చెల్లెల్ని చూస్తే మాత్రం లేవకుండా నవ్వేవాడు. తను ఆయన్ని తాతా అనేది, టీ తాగావా అని అడిగేది. నేనొకసారి ఆయన్ని కేకలేశాను. నీళ్ళ ఫిల్టర్లు అమ్మేవాణ్ణి యాప్‌లో అడక్కుండా పైకి పంపేశాడు.

"నేను ఎర్రది నొక్కితే దేవుడొచ్చినా పంపొద్దు" అన్నాను. "సమజైందా?"

"అయిందమ్మా" అన్నాడు.

యాప్‌లో మా ఫ్లాటుకి నా నంబరు ఒక్కటే పెట్టాను. ఇల్లు నా పేరు మీద ఉంది, నేనే చూసుకుంటాను అనుకున్నాను. పొద్దున్నే కారు తుడిచేవాళ్ళు, చందాలవాళ్ళు, తప్పు ఫ్లాటుకొచ్చే పాల కుర్రాళ్ళు. తెలియని మొహం కనిపిస్తే ఎర్రది నొక్కి పక్కకి తిరిగి పడుకోవడం నాకు అలవాటైపోయింది. ఆ గేటుకి బయట నిలబడేవాళ్ళలో మా చెల్లెలి కోసం వచ్చేవాళ్ళుంటారని నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

మూడో తప్పు నోటీసు మెయిల్లో వచ్చింది. ఫలానా రోజు ఐదూ యాభైకి వచ్చాం, గేటు దగ్గర ప్రవేశం దొరకలేదు, ఆరున్నర దాకా బయట వేచి ఉన్నాం అని. చెల్లెలు ఆ గంటంతా హాల్లో కుర్చీలో కూర్చునే ఉంది. నేను నా గదిలో పడుకుని ఉన్నాను. మధ్యలో ఐదంతస్తులు, ఒక గేటు, అంతే.

నేను ఆఫీసు నుంచే అపార్ట్‌మెంటు సంఘం గ్రూపులో పెట్టాను. మీ సెక్యూరిటీ మనిషి మాకు చెప్పకుండా అధికారుల్ని వెనక్కి పంపాడు, ఒక క్రీడాకారిణి జీవితం నాశనం చేశాడు అని. నాలుగు పేరాలు. నా ఇంగ్లీషు అంత పదునుగా ఎప్పుడూ లేదు. మర్నాటికి ఆయన్ని తీసేశారు. కొత్త మనిషిని చూసి చెల్లెలు పైకొచ్చి, తాత ఏడీ అని అడిగింది. మార్చారట అన్నాను. తను చాలాసేపు చెప్పులు విప్పకుండా గుమ్మం దగ్గరే నిలబడింది.

రెండు రోజుల తర్వాత సంఘం కార్యదర్శి నాకు విడిగా మెసేజ్ పెట్టాడు. మేడమ్, మీ యాప్‌లో పాత ఎంట్రీలు ఒకసారి చూసుకోండి, అని. మర్యాదస్తుడు, అంతకన్నా ఏమీ అనలేదు. ఆఫీసు లిఫ్టులో నిలబడి చూశాను. ఐదూ యాభై రెండు. ఇద్దరు ఆడవాళ్ళు, ఒకామె భుజాన నీలం పెట్టె, ఒకామె చేతిలో తడి గొడుగు. ఇద్దరూ కెమెరా వైపు తలెత్తి చూస్తున్నారు. కింద నా పేరు, పక్కన ఎర్రక్షరాలతో 'నిరాకరించారు'. నొక్కినట్టు నాకు గుర్తే లేదు. అలాంటి ఎర్రవి ఆ నెలలోనే ఇరవై ఉన్నాయి, ఒక్కటీ గుర్తులేదు. నా అంతస్తు వచ్చి తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. లిఫ్టు మళ్ళీ కిందికి దిగింది.

అప్పుడే చెప్పాల్సింది. ఆ సాయంత్రమే, గుమ్మంలోనే. రేపు చెప్దామనుకున్నాను. వివరణ పంపడానికి ఇంకా గడువుంది కదా, ముందు అది రాసేద్దామనుకున్నాను. రాశాను. గేటు దగ్గరి మనిషి నిర్లక్ష్యం వల్ల అని ఒక పేరా రాశాను. తెలిసే రాశాను. సిగ్గుగా ఉంది, కానీ ఈ ఒక్కచోట మాటలు నమిలితే ఇదంతా రాయడం దండగ.

చెల్లెలు నా పక్కన కూర్చుని తెర మీద చదివింది.

"తాత మాట తీసెయ్యక్కా."

"ఎందుకే? తప్పు ఆయనదేనాయె."

తను నా మొహంలోకి చూసింది. అంతసేపు ఎందుకు చూస్తోందో నాకు తెలియలేదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు.

"తీసెయ్యి" అంది మళ్ళీ.

చివరికి తనే రాసుకుంది, నాలుగు లైన్లు. వీడియోలో విచారణ జరిగినప్పుడు కూడా అదే చెప్పింది. "నా దగ్గరికి వచ్చే దారి తెరిచి ఉంచడం నా పని. గేటుందని వివరాల్లో రాయాల్సింది, నా నంబరు గేటు దగ్గర ఉంచాల్సింది. ఉంచలేదు." నేను కెమెరాకి కనబడకుండా వంటగది గుమ్మంలో నిలబడి విన్నాను. రెండేళ్ళు పడాల్సింది ఏడాదిన్నర చేశారు. ఎంపిక పోటీల రోజు తను ఇంట్లో బియ్యంలో రాళ్ళు ఏరింది. నేను మీటింగుల మధ్య ఫోను చూస్తూ, గెలిచిందెవరో చూసి, చెల్లెలి పాత టైముతో పోల్చుకున్నాను. చెల్లెలిదే తక్కువ.

నిషేధంలో ఉంటే పరీక్షలు కూడా ఉండవనుకుంటారు. ఉంటాయి. ఆచూకీ రాసివ్వాల్సిందే, గంట పెట్టాల్సిందే. జట్టుతో సాధన లేదు, క్లబ్బు పడవ ముట్టకూడదు, కోచ్ దగ్గరికి పోకూడదు, కానీ ఆ గంట మాత్రం ఉంది. రోజూ ఐదున్నరకి హాల్లో కుర్చీ లాగిన చప్పుడు. నేను గదిలో కళ్ళు తెరుచుకుని వింటూ పడుకునేదాన్ని. ఆరున్నరకి బాత్రూము తలుపు చప్పుడు. ఆ తర్వాత ఏ చప్పుడూ ఉండేది కాదు, పోవడానికి చోటు లేదు కనక.

సాయంత్రాలు ప్రగతినగర్ చెరువు చుట్టూ నడిచేది. ఒకరోజు వెంట వెళ్ళాను. గుర్రపుడెక్క పట్టిన ఆ నీళ్ళ వైపు ఒక్కసారి కూడా చూడలేదు తను, ఎదర కాంక్రీటు దారినే చూసుకుంటూ నడిచింది. ఇంటికొచ్చాక కాళ్ళు కడుక్కుంటుంటే ఎడమ మోకాలు చూశాను. నలుపు విరిగి చర్మం పొరలు పొరలుగా లేస్తోంది, కింద గులాబిరంగు కనబడుతోంది. నెల తిరిగేసరికి రెండు మోకాళ్ళూ ఒకేలా అయ్యాయి. అమ్మ వీడియో కాల్‌లో చూసి, ఇప్పుడు బాగుంది బిడ్డా అంది. నేను లేచి బాల్కనీలోకి పోయాను. తెడ్డు అక్కడ గుడ్డ చుట్టి నిలబెట్టి ఉంది.

నిద్రలో నాకు ఆ ఇద్దరు ఆడవాళ్ళు కనిపించేవాళ్ళు. ఏమీ అనరు, తలెత్తి చూస్తుంటారంతే. ఒక్కోసారి వాళ్ళ పక్కన తాత నిలబడి, 'దేవుడొచ్చినా పంపొద్దన్నరమ్మా' అని నా మాటే నాకు అప్పజెప్పేవాడు. కక్కలేక మింగలేక ఎనిమిది నెలలు గడిపాను. తిండి తగ్గింది, తిట్టడం కూడా తగ్గింది. చెల్లెల్ని మందలించడానికి నోరు తెరిస్తే మధ్యలో ఆగిపోయేదాన్ని. ఆఫీసులో మాత్రం ఎవరో ఏదో తప్పు చేస్తే, ఎవరు చేశారో ఒప్పుకోండి, ఒప్పుకుంటే పోయేదేముంది అని పెద్దగా చెప్పేదాన్ని.

తొమ్మిదో నెలలో ఒక పొద్దున నా ఫోను మోగింది. ఆ మోతే. ఐదూ నలభై. తెర మీద ఇద్దరు, భుజాన నీలం పెట్టె. నేను మంచం మీంచి లేచి ఫోను పట్టుకుని హాల్లోకి వచ్చాను. చెల్లెలు కుర్చీలో నాకు వీపు పెట్టి కూర్చుని ఉంది. మోత ఆగడం లేదు. పచ్చది ఎక్కడుందో కనబడుతూనే ఉంది, కానీ వేలు కదలడం లేదు.

తను వెనక్కి తిరగలేదు.

"పచ్చది నొక్కక్కా" అంది. "ఈసారి పచ్చది."

నొక్కాను. మోత ఆగిపోయింది. అప్పుడు నాకు తను అన్నది అర్థమైంది, గోడకి చేరబడ్డాను.

"ఎప్పటిసంది తెలుసు నీకు?"

"ఆ పొద్దే. ఆరున్నర దాటినంక కిందికి పోతే తాత చెప్పిండు. ఎవరో ఇద్దరొచ్చిన్రు బిడ్డా, మీ అక్క వద్దన్నది, ఇప్పుడే పోయిన్రు అని. చెరువు మలుపు దాక ఉరికిన. కారు పోయింది."

"మరి నాకెందుకు చెప్పలే?"

"నువ్వు చెప్తవని చూసిన." తన గొంతులో ఏ కోపమూ లేదు, పడవ గురించి చెప్తున్నట్టే చెప్పింది. "రోజూ ఓ గంట కూసుంటనే ఉన్న గదా అక్కా, ఈడనే. ఆ గదికెల్లి వస్తవేమో అని."

లిఫ్టు మా అంతస్తులో ఆగింది. ఆ ఇద్దరూ లోపలికి వచ్చారు, కాగితాలు తీశారు, వాళ్ళలో ఒకామె చెల్లెలితో బాత్రూము దాకా వెళ్ళింది. రూలు ప్రకారం మూత్రం పడుతున్నంతసేపూ ఎదురుగా నిలబడి చూడాలి. రెండో ఆవిడ నన్ను చూసి, మీరు బాగానే ఉన్నారా అంది. నేను మంచినీళ్ళు ఇవ్వబోతే వద్దంది. సీసాలకి మూతలు బిగించి, ముద్రలు వేసి, సంతకాలు పెట్టించుకుని, ఇరవై నిమిషాల్లో వెళ్ళిపోయారు.

వాళ్ళు పోయాక గ్రూపు తెరిచి రాశాను. ఆ రోజు గేటు దగ్గర ఎర్రది నొక్కింది నేనే, పెద్దాయన తప్పేమీ లేదు, నేను అన్నవన్నీ అబద్ధం అని. ఈసారి నాలుగు పేరాలు రాలేదు, రెండు లైన్లే వచ్చాయి. ఇద్దరు దండం బొమ్మలు పెట్టారు. ఆ వెంటనే ఎవరో ఇవాళ నీళ్ళ ట్యాంకరు ఎన్నింటికని అడిగారు, మిగతా అందరూ దాని గురించి మాట్లాడుకున్నారు. తొమ్మిది నెలలు గొంతులో పెట్టుకున్న మాట ట్యాంకరు కింద కొట్టుకుపోయింది.

"తాత ఎక్కడున్నడో తెలుసుకోవాలె" అన్నాను చెల్లెలితో. "ఏజెన్సీ వాళ్ళని అడుగుత."

"మూసాపేటల ఉన్నడు" అంది తను, చాయ్ గ్లాసులు కడుగుతూ. "మన పాత ఓనరు ఆంటీ వాళ్ళ షాపు కాడ కాపలాకు పెట్టించిన. తీసేసిన పదిరోజులకే."

ఐదు నెలలు నాకు రోజూ లేచి సలాం పెట్టిన మనిషి నంబరు నా దగ్గర లేదు, పేరు కూడా నేను ఎప్పుడూ అడగలేదు. తను తడి చేతులు తుడుచుకుని, తన ఫోనులో నంబరు నొక్కి, స్పీకరు పెట్టకుండా నా చేతికిచ్చింది. పక్కన నిలబడలేదు, బాల్కనీలోకి వెళ్ళి తెడ్డుకి చుట్టిన గుడ్డ విప్పడం మొదలుపెట్టింది. దుమ్ము దులపడానికో, ఎందుకో నాకు తెలియదు.

అటు ఫోను చాలాసేపు మోగింది. ఎత్తకపోతే బాగుండునని కూడా అనిపించింది. ఎత్తాడు. హలో అన్నాను, చెల్లెలి గొంతు కాదని గుర్తుపట్టాడు.

"ఎవరమ్మా?" అన్నాడు. పాత అలవాటు పోలేదు, మళ్ళీ అడిగాడు. "ఏ ఫ్లాటు?"

ఫ్లాటు నంబరు చెప్పాను.

"మీరా అమ్మా" అన్నాడు. "బిడ్డ మళ్ళ నీళ్ళల్లకు పోతున్నదా?"